చేపకు పూచీ ఎవరిది?

సముద్రంలో చమురు ఒలికినప్పుడు మొదట వినిపించే మాట ‘ప్రమాదమేమీ లేదు’. 2017 జనవరి 28న చెన్నై శివారు ఎన్నూరు దగ్గర బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం నౌకలు ఢీకొన్నప్పుడు కామరాజర్ ఓడరేవు అదే చెప్పింది. రోజులు గడవకముందే నల్లటి జిడ్డు మెరీనా దాకా వచ్చింది, జనం బక్కెట్లతో ఎత్తిపోశారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో మణలి రిఫైనరీ వైపు నుంచి చమురు ఎన్నూరు కయ్యలోకి దిగినప్పుడు, తెట్టు తోడటానికి దిగిన వాళ్లలో అక్కడి మత్స్యకారులే ముందున్నారు. వలలు, పడవలు తారు పూసినట్లయ్యాయి. ఇంతకీ ఆ నీటిలో పట్టిన చేప తినొచ్చా, కూడదా? సామాన్యుడికి ఈ ఒక్క ప్రశ్నకే వేళకు జవాబు దొరకదు.

ఇది చెన్నై గొడవ అని పుదుచ్చేరి ప్రభుత్వం ఊరుకోవడానికి లేదు. చెన్నై ఇక్కడికి నూటయాభై కిలోమీటర్లే. పుదుచ్చేరిలో భాగమైన కారైకాల్‌ను ఆనుకుని ఉన్న నాగూరు పట్టినచ్చేరిలో 2023 మార్చి 2న చెన్నై పెట్రోలియం సంస్థ (సీపీసీఎల్) ముడి చమురు గొట్టం పగిలి సముద్రంలోకి కారింది, ఆ గొట్టాన్నే తీసేయాలని మత్స్యకారులు ఆందోళనకు దిగారు. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 నౌకలో 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఉంది. పదిహేను రోజులకే, జూన్ 9న, వాన్ హై 503 నౌక పుదుచ్చేరిదే అయిన మాహే ఉన్న కన్నూరు వైపు సముద్రంలోనే తగలబడింది. ఇక పుదుచ్చేరిలోని మరో ప్రాంతం యానాం ఉన్నది చమురు తవ్వకాల కృష్ణా గోదావరి బేసిన్‌లో. ఇంత చిన్న పాలనా ప్రాంతానికి ఇన్ని వైపుల నుంచి ముప్పు ఉన్నప్పుడు ముందుచూపు లేకపోవడం క్షమించరానిది.

చమురు తగిలిన చేపను ఎలా పరీక్షించాలో ప్రపంచానికి తెలుసు. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు పేలినప్పుడు అక్కడి అమెరికా కేంద్ర జలాల్లో 37 శాతం మేర వేట నిలిపేశారు. తెరిచే ముందు శిక్షణ పొందిన పరీక్షకులు పచ్చి చేపను వాసన చూశారు, ఉడికించి మళ్లీ వాసన చూశారు, ఆపైన రుచి చూశారు. అందులో నెగ్గిన నమూనాలే ప్రయోగశాలకు వెళ్లాయి. అక్కడ వెతికింది పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లను, అంటే చమురులో ఉండే రసాయనాలను; వాటిలో కొన్ని క్యాన్సర్‌కు దారితీస్తాయి. కిరోసిన్ కంపు లేనంత మాత్రాన ఇవి లేవని కాదు.

ఇంకో సంగతి. అన్ని జీవాలూ ఒకటి కాదు. వంజరం, కానాగంత లాంటి చేపల కాలేయం ఈ రసాయనాలను చాలావరకు విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, కండ త్వరగానే శుభ్రపడుతుంది. ఆల్చిప్పలకు, గుల్లలకు ఆ శక్తి బాగా తక్కువ. నీటిని వడగట్టి బతికే ప్రాణులు కాబట్టి విషాన్ని వారాలు, నెలలు మోస్తాయి. యూరప్‌లో తాజా గుల్లల్లో, ఈ రసాయనాల్లో ఒకటైన బెంజోపైరీన్ కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది ఇందుకే. అందువల్ల ‘చేపలు తినొచ్చు’ అని ఒక్క ముక్కలో చెప్పే అధికారి సగం నిజమే చెబుతున్నట్లు. పుదుచ్చేరిలోని తేంగాయ్‌తిట్టు మడ అడవుల బురదలోకి చమురు దిగితే అక్కడి పీతలకూ గుల్లలకూ ఒక నిర్ణయం, లోతు నీటి చేపకు ఇంకో నిర్ణయం కావాలి.

ఈ తేడా చెప్పేవారు లేకపోతే నష్టపోయేది తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్లు. 2018లో చేపలకు ఫార్మలిన్ రసాయనం కలుపుతున్నారన్న భయంతో అస్సాం మన ఆంధ్ర చేపలను ఆపేసినప్పుడు చూశాం: అనుమానం వచ్చాక మంచి సరుకునూ ఎవరూ ముట్టరు. కెమెరాల ముందు నాయకుడు చేప ముక్క తిన్నా ఆ అనుమానం పోదు. ఆయన తిన్న చేప ఏ నీటిలో పట్టిందో కొనేవాళ్లకు తెలియదు కదా.

కాబట్టి పుదుచ్చేరి ప్రభుత్వం ఇప్పుడే, సముద్రం శుభ్రంగా ఉండగానే, నాలుగు ప్రాంతాల చేపలు, పీతలు, గుల్లల నమూనాలు తీయించి వాటిలో ఈ రసాయనాలు ఎంత ఉన్నాయో నమోదు చేయాలి. ఆ లెక్క లేకుండా రేపు చమురు ఒలికితే నష్టం ఎంతో ఏ కోర్టులోనూ రుజువు చేయలేం. ఎగుమతి రొయ్యకు ఇన్ని పరీక్షలు చేయించే దేశం గూబెర్ మార్కెట్‌లో అమ్మే నెత్తళ్లకు చేయించలేననడం అన్యాయం. వేట ఆపమన్న రోజు నుంచే మత్స్యకార కుటుంబాలకు భృతి అందాలి, దాన్ని తర్వాత ఓడ యజమాని నుంచో చమురు కంపెనీ నుంచో రాబట్టుకోవడం ప్రభుత్వం పని. డబ్బు రాకపోతే ఎవరూ వేట ఆపరు, ఆపమనే హక్కూ మనకు ఉండదు. పరీక్ష ఫలితాలు తేదీతో, పట్టిన చోటుతో సహా చేపల రేవుల్లోనే బోర్డు మీద పెట్టాలి. అవి ఇక్కడ తమిళంలో, మాహేలో మలయాళంలో, యానాంలో తెలుగులో ఉండాలి.