ముస్తాబు చేసి వెళ్లిపోయేవాళ్లు

చొక్కాను ముందు కాస్త ప్యాంటులోకి దోపి, వెనక వదిలేసే టక్ ఇప్పుడు మన బాబాయిల మీదా కనిపిస్తోంది. దాన్ని ఇంతగా వాడుకలోకి తెచ్చినవాడు ట్యాన్ ఫ్రాన్స్. ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో, పాకిస్తానీ ముస్లిం కుటుంబంలో పుట్టాడు. భర్తతో సాల్ట్ లేక్ సిటీలో కాపురం పెట్టాడు. 2018 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘క్వీర్ ఐ’లో బట్టల విభాగం అతనిదే. తీరూ తెన్నూ లేకుండా బతుకుతున్న మనిషి ఇంట్లో ఐదుగురు దిగి, వారం రోజుల్లో జుట్టు నుంచి వంటగది దాకా సర్దిపెట్టే కార్యక్రమమిది.

దీని మూలం 2003 జులైలో బ్రావో చానల్‌లో వచ్చింది. అంతకు దాదాపు మూడు వారాల ముందే అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్ కేసులో, ఇద్దరు మగవాళ్ల ఏకాంతంలోకి పోలీసులు చొరబడే చట్టాన్ని కొట్టేసింది. అలాంటి రోజుల్లో ఐదుగురు గే మగవాళ్లను నట్టింటి టీవీలో నవ్వుతూ నిలబెట్టడం చిన్న సాహసమేమీ కాదు. మరుసటి ఏడు ఎమ్మీ కూడా వచ్చింది. కానీ ఆ పాత కార్యక్రమంలో ఒక ఏర్పాటు మాకు ఎప్పుడూ గుచ్చుకునేది. ముస్తాబైన పెద్దమనిషి భార్యకో ప్రియురాలికో విందు ఇస్తుంటే, అతన్ని తీర్చిదిద్దిన ఐదుగురూ ఆ విందులో ఉండరు. తమ చోటుకు వెళ్లిపోయి, జరిగేదంతా తెర మీద చూస్తూ వ్యాఖ్యానాలు చేస్తుంటారు.

కొత్త బృందం మాటలు కలిపింది. కరామో బ్రౌన్ అనే నల్లజాతీయుడు జార్జియాలో ఒక తెల్ల పోలీసుతో కారులో కూర్చుని, తమవాళ్లకు పోలీసులంటే ఉన్న భయం గురించి మాట్లాడతాడు. రెండో భాగంలో అట్లాంటాకు చెందిన భారత సంతతి యాప్ డెవలపర్ ఉన్నాడు. గడ్డం పెంచుకుని, ఇంటికి ఎవరినీ రానివ్వని మనిషి. అలాంటి కుర్రాళ్లు మనకు తెలియనివాళ్లా? కన్నీళ్లు మోతాదు మించుతాయి, నిజమే. అయినా చూడదగ్గ భాగమది.

మన వాట్సాప్ బృందాల్లో ఈ కార్యక్రమం ముక్కలు చక్కర్లు కొడుతూనే ఉంటాయి. ‘ఎంత బాగా మాట్లాడతాడో!’ అని మెచ్చుకున్న ఇంట్లోనే కొడుకు ‘అమ్మా, నేను గే’ అంటే, మొదట వచ్చే మాట ‘తాతయ్యకు తెలియనివ్వకు’. మనకు పనికొచ్చినంతసేపే ఆ ప్రేమ. ఇల్లు సర్దితే సంతోషం, ఇంట్లో మనిషైతే పరువు సమస్య. పైగా 2015 నుంచి అమెరికా అంతటా చెల్లుతున్న స్వలింగ వివాహాన్ని ఇండియా సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో గుర్తించలేనంది కాబట్టి, వాయిదా వేయడానికి మనకో సాకు కూడా దొరికింది.

ఈ సంచిక నుంచి మన పెళ్లి సంబంధాల పేజీలో అబ్బాయికి వరుణ్ణి, అమ్మాయికి వధువును వెతికే తల్లిదండ్రుల ప్రకటనలూ వేస్తాం. రుసుము అందరికీ ఒకటే. గోత్రం, నక్షత్రం రాయాలా వద్దా అన్నది ఎప్పటిలాగే మీ ఇష్టం.