మళ్ళీ నవంబరు వస్తున్నది

గడచిన మూడేళ్లుగా డిసెంబరు మూడవ వారం మా తమ్ముడి ఇంట మౌనంగా గడుస్తున్నది. నరసరావుపేటలో బి.కాం. పూర్తి చేసిన వారి పెద్దమ్మాయి 2022లోను, 2023లోను, 2024లోను క్యాట్ పరీక్ష వ్రాసింది. మూడు మార్లూ ఫలితం ఆ వారంలోనే వెలువడింది. మూడు మార్లూ ఆశించిన పిలుపు రాలేదు. ఈ నవంబరు 30న ఆమె నాలుగవ పర్యాయం వ్రాయబోతున్నది. "మళ్ళీనా?" అని అడగని బంధువు లేడు. ఆ మాటను మేము కూడా ఒకసారి అడిగిన వారమే గనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

ఐసెట్ గూర్చి మన పాఠకులలో చాలామందికి తెలుసు. క్యాట్ అంతగా తెలియదు. దేశంలోని ఐ.ఐ.ఎం.లు కలిసి ఏడాదికి ఒక్కసారి నిర్వహించే ప్రవేశ పరీక్ష ఇది. అహమ్మదాబాదు, కలకత్తా, బెంగుళూరులలోని పాత సంస్థలకూ, 2015లో మన విశాఖపట్నంలో ప్రారంభమైన ఐ.ఐ.ఎం.కూ ప్రధాన ద్వారం ఇదే. డిగ్రీలో 50 శాతం మార్కులున్న వారెవరైనా వ్రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 45 శాతం చాలు. ఇన్నిసార్లే వ్రాయాలన్న పరిమితి లేదు. అయితే ఒక ఏట వచ్చిన స్కోరు ఆ ఏటి ప్రవేశాలకే చెల్లుతుంది. ఫలితం చాలకపోతే మళ్ళీ పన్నెండు నెలలు ఆగాలి, మళ్ళీ సున్న నుంచి మొదలుపెట్టాలి. హైదరాబాదులోని ఐ.ఎస్.బి., విదేశీ విశ్వవిద్యాలయాలు ఆమోదించే జీమ్యాట్ అలా కాదు. దానిని 16 రోజుల ఎడంతో, పన్నెండు నెలల్లో ఐదు పర్యాయాల వరకు వ్రాసుకోవచ్చు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. కాని ప్రతి పర్యాయానికీ వందల డాలర్లు చెల్లించాలి. మా తమ్ముడిది ఎరువుల దుకాణంలో గుమాస్తా ఉద్యోగం. ఆ ఇంట జీమ్యాట్ ప్రస్తావనే రాలేదు. 2024లో క్యాట్ రుసుము 2,500 రూపాయలు. ఆ రూపాయలను సమకూర్చడమే వారికి ఒక లెక్క.

రెండవసారి ఫలితం వచ్చిన నాటి ముచ్చట ఒకటి చెప్పాలి. అమ్మాయికి 79 పర్సంటైల్ వచ్చింది. మా అబ్బాజాన్ ఆ కాగితం చూసి, అస్ర్ నమాజుకు వెళ్ళి, "మా మనవరాలికి నూటికి డెబ్బై తొమ్మిది వచ్చినా సీటివ్వలేదు, ఏమి అన్యాయం!" అని మసీదు అరుగు మీద నలుగురికీ చెప్పి వచ్చారు. పర్సంటైల్ అంటే మార్కులు కావు. వ్రాసినవారిలో నూటికి ఎంతమంది మన వెనుక ఉన్నారో తెలిపే సంఖ్య. 2023లో పరీక్ష వ్రాసినవారు సుమారు 2 లక్షల 88 వేలమంది. 79 పర్సంటైల్ అంటే మన ముందు ఇంకా అరవై వేలమంది ఉన్నారని అర్థం. ఈ సంగతి విన్నాక అబ్బాజాన్ కోపం తగ్గింది గాని బెంగ పెరిగింది. "అరవై వేలా! మన ఊరి జనంలో సగం ఉంటారేమో కదా!" అన్నారు. అమ్మాయి నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

మొదటి పర్యాయం ఎందుకు తప్పిందో వివరంగా చెప్పవలసి ఉన్నది; ఎందుకంటే ఆ తప్పు మన పిల్లలలో చాలామందిది. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. కనుక తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒక గడి నింపి రమ్మని బడిలోనూ, కోచింగులోనూ నేర్పుతారు. క్యాట్‌లో సరైన జవాబుకు మూడు మార్కులు వస్తాయి. ఐచ్ఛికాలిచ్చిన ప్రశ్నకు జవాబు తప్పితే ఒక మార్కు పోతుంది. అలాంటి ప్రశ్నలు ఇరవై చేసి ఎనిమిది సరి, పన్నెండు తప్పు చేసినవారికి మిగిలేది 12 మార్కులు. పదింటికే జవాబిచ్చి ఎనిమిది సరి, రెండు తప్పు చేసినవారికి 22 మార్కులు. తెలిసినది ఇద్దరికీ ఒక్కటే! ఇటీవలి సంవత్సరాలలో మొత్తం మార్కులలో సగమైనా రానివారికి 99 పర్సంటైల్ దక్కింది. విడిచిపెట్టడం కూడా ఇక్కడ ఒక విద్య. పదిహేనేళ్లు "ఏదీ వదలకు" అని విన్న పిల్లకు ఆ విద్య ఒక్క నవంబరులో అబ్బదు.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, తానే కనుగొన్నది. పరీక్ష ముగిసిన కొన్ని రోజులకు అభ్యర్థి గుర్తించిన జవాబుల పత్రమూ, అధికారిక జవాబుల పట్టికా వెలువడుతాయి. చాలామంది ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి మార్కులు లెక్కించుకుని మూసివేస్తారు. మా అమ్మాయి మొదటి ఏడు అలాగే చేసింది. ఆ తర్వాత, ఫలితం దుఃఖం తీరిన జనవరిలో, పాత లెడ్జరు ఒకటి తెచ్చి ఒక్కొక్క ప్రశ్నకూ ఒక వరుస వ్రాసింది: తెలిసి చేశానా, ఊహించానా, తెలిసీ తొందరపడ్డానా, సమయం చాలలేదా. ఆ లెడ్జరును మేము చూశాము. "ఊహించాను" అన్న గడి నిండా ఎర్ర సిరా ఉన్నది. తన డబ్బు ఎక్కడ పోయిందో వెదికే గుమాస్తా కూతురు కదా!

రెండవ ఏడు ఊహించడం తగ్గింది. అప్పుడు మరొక లోపం బయటపడింది. పరీక్షలో మూడు విభాగాలు, ఒక్కొక్కదానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయాన్ని మరొకదానికి వాడుకోవడానికి వీలులేదు. పైగా ఐ.ఐ.ఎం.లు మొత్తం స్కోరుతో పాటు ప్రతి విభాగంలోనూ కనీస స్థాయిని కోరుతాయి. లెక్కలలో ఆమె నిలబడింది. ఇంగ్లీషు విభాగంలో కూలిపోయింది. ఆ విభాగంలో 24 ప్రశ్నలుంటే, 16 నాలుగు గద్యభాగాలను చదివి జవాబివ్వవలసినవే. ఒకటి తత్త్వశాస్త్రం గూర్చి, ఒకటి సముద్రజీవుల గూర్చి, మరొకటి ఎక్కడి చరిత్రో. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు ఆ వాక్యాలు మొదటి చదువుకు అందలేదు. గణిత సూత్రాలను మూడు నెలల్లో పట్టవచ్చు. చదివే అలవాటును పట్టలేము. అది ఏడాది మీద ఏడాది పేరుకోవలసినది. ఉదయం ఫజర్ తర్వాత ఇంగ్లీషు పత్రికలో సంపాదకీయం ఒకటి, రాత్రి ఏదైనా పుస్తకంలో పది పుటలు. ఇదే ఆమె పెట్టుకున్న నియమం. 2024లో 88 పర్సంటైల్ వచ్చింది. ఆ ఏడు వ్రాసినవారు సుమారు 2 లక్షల 93 వేలమంది. ముందున్నవారు సుమారు 35 వేలు. ఒక ఏడాదిలో పాతికవేల మందిని దాటిన పిల్లను బంధువులు "మూడోసారీ తప్పింది" అని అన్నారు.

మేము అడిగిన "మళ్ళీనా?" కూడా అప్పటిదే. "నసీబులో లేనిదాన్ని ఎంతకాలం పట్టుకుంటావమ్మా, సబ్ర్ చేసుకో" అన్నాము. ఆమె తల వంచుకుని, "బడే అబ్బా, సబ్ర్ చేస్తున్నాను కనుకనే మళ్ళీ వ్రాస్తానంటున్నాను" అన్నది. మాకు జవాబు తోచలేదు. సబ్ర్ అనే మాటను మన ఇళ్లలో ఓడినవారిని ఊరుకోబెట్టడానికే ఎక్కువగా వాడుతున్నామేమో! ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. కొడుకు మూడుసార్లు తప్పితే మరొక కోచింగు వెదుకుతాము. కూతురు తప్పితే సంబంధం వెదుకుతాము. మా తమ్ముడింటికి ఆ ఏడు రెండు సంబంధాలు వచ్చిన మాట నిజం. అమ్మాయి తల్లి, "పెళ్ళి కావాలి, కాని పరీక్షకు శిక్షగా కాదు" అని ఒక్కమాట చెప్పి ఆ సంగతిని ముగించింది. మా మరదలు ఏడవ తరగతి దాటలేదు.

అయితే పట్టుదల అన్నంత మాత్రాన ప్రతి పిల్లనూ, పిల్లవాడినీ ఏడాది మీద ఏడాది వ్రాయమని మేము చెప్పడం లేదు. స్కోరు రెండేళ్లు కదలక అక్కడే ఉంటే, చదివే తీరు మారకపోతే, నాలుగవసారి రుసుము కట్టడం వృథా. ఉద్యోగం మానుకుని గదిలో కూర్చుని చదవడం మరీ ప్రమాదం. ఆ ఖాళీ సంవత్సరాల గూర్చి ఇంటర్వ్యూలో అడుగుతారు. మా అమ్మాయి రెండవ ఏటి నుంచి ఒక ఆడిటరు కార్యాలయంలో పనిచేస్తూనే చదువుతున్నది. ఆ అనుభవానికి కూడా చాలా సంస్థలు విలువ ఇస్తాయి. పది, ఇంటరు, డిగ్రీ మార్కులను కూడా చూస్తాయి. అవి ఎన్నిసార్లు క్యాట్ వ్రాసినా మారేవి కావు కనుక, ఏ సంస్థ దేనికి ఎంత విలువ ఇస్తున్నదో దరఖాస్తుకు ముందే చదివి తీరాలి. కొన్ని ఐ.ఐ.ఎం.లు అమ్మాయిలకు అదనపు మార్కులు కలుపుతున్నాయి. మరొకటి: మన రాష్ట్రంలో బి.సి.-ఇ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన ఐ.ఐ.ఎం.లలో ఓ.బి.సి. కోటా వర్తించదు. కేంద్ర ప్రభుత్వ జాబితా వేరు. తమ వర్గం అందులో ఉన్నదో లేదో చూసుకోకుండా దరఖాస్తులో గుర్తు పెట్టరాదు. ఇక సీటు వచ్చిన పిదప లక్షల రూపాయల ఫీజు, బ్యాంకు రుణం, వడ్డీ. ఆ ప్రశ్న పెద్దది, దానికి మరొక నెల కావాలి.

పరీక్ష రోజున మూడు విడతలుంటాయి. ఏ విడత పడుతుందో హాల్ టికెట్ వచ్చేదాకా తెలియదు, కోరుకోవడానికీ లేదు. గత ఏడాది ఆమెకు గుంటూరులో సాయంత్రం నాలుగున్నర విడత పడింది. నవంబరు చివర మన వైపు అయిదున్నర దాటగానే సూర్యాస్తమయం. పరీక్ష ముగిసేది ఆరున్నరకు. మగ్రిబ్ తప్పిపోతుందన్న దిగులుతోనే ఆమె చివరి విభాగం చేసిందని తర్వాత తెలిసింది. ఇషా వేళ కాకముందు కొద్ది నిమిషాలు మిగులుతాయి; వుజూతోనే లోపలికి వెళ్ళి, బయటికి రాగానే నిలబడేందుకు శుభ్రమైన చోటును తోడు వచ్చినవారు ముందే చూసి ఉంచితే ఆ దిగులు ఉండదు. మేము తోడు వెళ్ళాము. చూసి ఉంచలేదు. గేటు ఎదుట టీ త్రాగుతూ కూర్చున్నాము.

ఈసారి హాల్ టికెట్ ఇంకా రాలేదు. మొన్న శుక్రవారం తమ్ముడింటికి వెళితే అబ్బాజాన్ వరండాలో కూర్చుని, మనవరాలి చేత మాదిరి పరీక్ష వ్రాయిస్తూ చేతిగడియారం చూస్తున్నారు. నలభై నిమిషాలు కాగానే "బస్ బేటీ, ఆపెయ్" అన్నారు. ఆమె ఇంకొక్క ప్రశ్న అన్నది. ఆయన ఒప్పుకోలేదు. మమ్మల్ని చూసి, "గుంటూరుకు ఈసారి నేను వెళ్తాను, నువ్వు అక్కర్లేదు" అన్నారు.