అన్యాయపు ఆజ్ఞకు తలవంచని వారికి రక్షణ ఏదీ?

కాళేశ్వరం నుంచి భద్రాచలం వరకు గోదావరి ఈవలి ఒడ్డు అడవుల్లో గుత్తికోయల గూడేలు కనిపిస్తాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల నుంచి వేలాది ఆదివాసీలు ఊళ్లు విడిచి నది దాటి వచ్చారు. గ్రామ దహనాలు, హత్యలు, అత్యాచారాల ఆరోపణలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నిర్వాసితుల గురించి కొంతైనా చర్చ జరిగింది. ఆ దౌర్జన్యానికి పనిముట్లుగా మార్చి, చేతికి తుపాకులిచ్చిన ఆదివాసీ యువకుల గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. వారిలో తుపాకి వదిలేయాలనుకున్నవాడు ఎక్కడికి పోవాలి?

వారికి ప్రత్యేక పోలీసు అధికారులని, అంటే ఎస్పీఓలని పేరు పెట్టారు. ఐదో తరగతి చదువు చాలన్నారు. నెలకు 3,000 రూపాయలు ఇచ్చారు. నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన పిటిషన్‌పై 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆయుధాలు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. అంతటితో ఆగక, మావోయిస్టులతో సహా ఏ శక్తుల నుంచి ముప్పు వచ్చినా మాజీ ఎస్పీఓల ప్రాణాలను రాష్ట్రమే కాపాడాలని కూడా చెప్పింది. న్యాయమూర్తులు వాస్తవాన్ని గ్రహించారు. తుపాకి దించిన యువకుడు మావోయిస్టుల దృష్టిలో ద్రోహి, పోలీసుల దృష్టిలో విధి నుంచి పారిపోయినవాడు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మాత్రం అదే ఏడాది సహాయక సాయుధ పోలీసు బలగాల చట్టం తెచ్చి, వారిని కొత్త దళంలోకి తీసుకుంది. తప్పుకునే దారి చూపవలసిన చోట యూనిఫాం మార్చి ఊరుకుంది.

ఇది ఆదివాసీల గోడు, మనకేమిటని అనుకోవద్దు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళ్తుండగా, జనగామ దాటాక ఆలేరు సమీపంలో వికారుద్దీన్ సహా ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలతో వాహనంలో పడివున్న మృతదేహాల ఫొటోలను దేశమంతా చూసింది. అదే రోజు శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలు పోలీసు తూటాలకు బలయ్యారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి వద్ద దిశ కేసు నిందితులు నలుగురు హతులయ్యారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. 10 మంది పోలీసులపై హత్య కేసు విచారణ జరపాలని సిఫారసు చేసింది.

ఇలాంటి ప్రతి ఘటనలో ఏం జరిగిందో అక్కడున్న సిబ్బందికి తెలుసు. వారిలో ఎవరి మనస్సాక్షి అయినా ఎదురుతిరిగితే వారికి దిక్కెవరు? 1950 నాటి సైనిక చట్టం 38వ సెక్షన్ ప్రకారం, యుద్ధ విధుల్లో ఉండి దళం విడిచి పారిపోయిన సైనికుడికి మరణశిక్ష కూడా విధించవచ్చు. 41వ సెక్షన్ మాత్రం పై అధికారి ఇచ్చిన 'చట్టబద్ధమైన' ఆజ్ఞను ధిక్కరించడాన్నే నేరంగా పేర్కొంది. అంటే చట్టవిరుద్ధమైన ఆజ్ఞకు విధేయత అక్కరలేదు. అయితే కాల్చమన్న ఆ క్షణంలో ఆ తేడాను సిపాయి ఒంటరిగా తేల్చుకోవాలి. తరువాత కోర్టు మార్షల్ ముందు నిరూపించుకోవాలి. ఆజ్ఞ పాటించిన వాడికేమో ప్రభుత్వ అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ జరగరాదన్న కవచం ఉంది. పోలీసులకు నియమాలు వేరైనా ఈ అసమానత వేరు కాదు.

సిపాయిలు ప్రశ్నించడం మొదలుపెడితే క్రమశిక్షణ ఏమవుతుందని కొందరు అడుగుతారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన పఠాన్లపై కాల్పులు జరపాలన్న బ్రిటిష్ ఆజ్ఞను గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు తిరస్కరించారు. వారంతా హిందువులు, ఎదుట ఉన్నది ముస్లింలు. వారి నాయకుడు చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది. 11 ఏళ్లు జైల్లో గడిపాడు. నాటి చట్టం ఆయనను నేరస్థుడన్నది, నేటి దేశం వీరుడంటోంది. ఫిరౌన్‌తో పాటు అతని సైన్యాలను కూడా దివ్య ఖుర్ఆన్ దోషులుగానే పరిగణించింది. పైవాడు చెప్పాడన్న మాట చేసినవాడి పాపాన్ని కడగదు.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. చట్టవిరుద్ధమైన ఆజ్ఞను నిరాకరించిన సిబ్బందికి ఉద్యోగ భద్రతను, సాక్షిగా ముందుకు వస్తే ప్రాణ రక్షణను చట్టమే కల్పించాలి. 2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పిన పోలీసు ఫిర్యాదుల అథారిటీలు నిజంగా స్వతంత్రంగా పనిచేయాలి, సిబ్బంది ఫిర్యాదులను కూడా స్వీకరించాలి. ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలన్న 2014 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు తు.చ. తప్పక అమలు కావాలి.

ఈ డిమాండ్లను ముస్లిం సంఘాలు ఒంటరిగా వినిపిస్తే మతం రంగు పూస్తారు. ఆదివాసీ సంఘాలు ఒంటరిగా వినిపిస్తే నక్సలైట్ల ముద్ర వేస్తారు. ఇద్దరం ఒకే వేదికపై నిలబడి అడిగినప్పుడు ఆ ముద్రలు పనిచేయవు. బాధితుడి హక్కు గురించి మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాం. తుపాకి దించిన చేతికి రక్షణ కోరడం కూడా ఆ హక్కులో భాగమే. ఎందుకంటే ఆ చేయి దిగినప్పుడే ఎదుటి ప్రాణం నిలుస్తుంది.