రంగులు వారివే.. బాకీలూ వారివే!

ఎన్నికలు వచ్చినా, కళాశాలల్లో ప్రవేశాలు మొదలైనా, కొత్తగా బంగారు దుకాణం తెరిచినా తొలుత కబురు అందేది ప్రకటనల సంస్థలకే. సందడి ముగిశాక అందరికంటే ఆఖరున డబ్బు ముట్టేదీ వారికే. గుంటూరు, తెనాలి, నరసరావుపేట పట్టణాల్లో రెండు కంప్యూటర్లు, ఒకరిద్దరు డిజైనర్లతో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్న సంస్థలున్నాయి. వాటి పక్కనే ఆర్భాటంగా తెరిచి రెండు మూడేళ్లకే తలుపులు మూసినవీ ఉన్నాయి. పనితనంలో వీటి మధ్య పెద్ద తేడా కానరాదు. ఎవరి పని చేశారు, ఎంతమంది పని చేశారు, డబ్బు ఎప్పుడు అడిగారు అన్నచోటే తేడా కనిపిస్తోంది.

ఇందుకు రాజధాని ప్రాంత అనుభవమే నిదర్శనం. 2015 అక్టోబరు 22న అమరావతికి ప్రధాని శంకుస్థాపన చేశాక స్థిరాస్తి వెంచర్లు వెల్లువెత్తాయి. హోర్డింగులు, బ్రోచర్లు, లేఅవుట్ పటాలతో ప్రకటనల సంస్థలకు ఊపిరి సలపలేదు. ఆ ఊపులో పలువురు శుభలేఖలు, దుకాణాల బోర్డులు, పాఠశాలల కరపత్రాల వంటి చిల్లర పనులను వదులుకున్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వెలువడగానే వెంచర్ల పనులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. నాలుగు నెలలు తిరగకుండానే, 2020 మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. వదులుకున్న పాత ఖాతాదారుల గడప మళ్లీ తొక్కితే, వారు అప్పటికే మరొకరి వద్ద కుదురుకుని ఉన్నారు. 2025 మే 2న అమరావతి పనులు పునఃప్రారంభమయ్యాక వెంచర్ల బోర్డులు మళ్లీ లేచాయి. ఈసారైనా చిన్న పనులను చేజార్చుకోకుండా ఉంటారా అన్నది చూడాలి.

ధరల పోటీ మరో శాపం. గోడల మీద బ్రష్షుతో రాసే కళాకారుల ఉపాధిని ఫ్లెక్సీ యంత్రాలు హరించాయి. వారిలో కొందరు ఫొటోషాప్, కోరల్‌డ్రా నేర్చుకుని అనూ ఫాంట్లతో కొత్త జీవితం మొదలుపెట్టారు. అయితే ఫ్లెక్సీతో పాటే కళను చదరపు అడుగు లెక్కన అమ్మే పద్ధతీ వచ్చింది. అడుగుకు రూపాయి తగ్గించి తెచ్చుకున్న ఖాతాదారు, పక్క దుకాణంలో మరో అర్ధరూపాయి తగ్గితే అటే పోతాడు. అతణ్ని తప్పుపట్టనక్కర లేదు, మనం అలవాటు చేసిందే. ప్రభుత్వ నిర్ణయాలూ యంత్రాన్నే నమ్ముకున్నవారిని కుదిపాయి. వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధం విధించింది. అదే ఏడాది ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీలను పూర్తిగా నిషేధిస్తున్నట్లు ప్రకటించారు. తొలుత నవంబరు 1 అన్న గడువును తరువాత 2023 జనవరి 26కు మార్చారు. ఫ్లెక్సీలు వీధుల్లో నేటికీ కనిపిస్తూనే ఉన్నా, అప్పు తెచ్చి యంత్రాలు కొన్న యజమానులకు ఆ నెలల్లో కంటి మీద కునుకు లేదు. గుడ్డ మీదైనా, కాగితం మీదైనా, ఫోను తెర మీదైనా డిజైన్ ఇవ్వగలవారికి ఆ గుబులు అంతగా లేదు.

ఇప్పుడు ఫోనులోనే ఉచిత నమూనాలు, కృత్రిమ మేధ బొమ్మలు దొరుకుతున్నాయి. నాయకుని జన్మదిన శుభాకాంక్షలను అనుచరులే తయారు చేసుకుంటున్నారు. ఆ పని ఇక తిరిగి రాదు. కాకపోతే యంత్రం గీసిన బొమ్మల్లో తెలుగు ఒత్తులు తరచూ గాడి తప్పుతున్నాయి. లక్షలు పోసి తెరిచిన దుకాణం బోర్డు మీద అక్షరదోషం ఉంటే ఊరంతా నవ్వుకుంటుంది.

కొత్త ఖాతాదారులు ఎక్కడున్నారంటే జిల్లా పంచాంగంలోనే ఉన్నారు. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలుండవు, శుభలేఖల పని ఆగుతుంది. వస్త్ర దుకాణాల తగ్గింపు అమ్మకాలు మాత్రం అదే నెలలో. ఖరీఫ్‌కు ముందు విత్తన, ఎరువుల వ్యాపారులకు కరపత్రాలు కావాలి. మిర్చికి పేరుపడ్డ ఈ గడ్డపై కారం పొడి, పచ్చళ్లు తయారుచేసే చిన్న సంస్థలకు, మహిళా సంఘాలకు లేబుళ్లు అవసరం. ఆహార పదార్థాల లేబుల్‌పై ఏయే దినుసులు, నికర బరువు, తయారీ తేదీ, లైసెన్సు సంఖ్య, శాకాహార గుర్తు ఉండాలన్నది నిబంధన. వాటిని తెలుసుకుని తప్పులేకుండా ఒక్క లేబుల్ చేసి ఇచ్చినవారిని వెతుక్కుంటూ రెండో పచ్చళ్ల వ్యాపారి వస్తాడు. ధర తగ్గించాల్సిన పని అక్కడ ఉండదు.

అసలు చిక్కు బాకీలది. ఎన్నికల కరపత్రాలు, పోస్టర్లపై ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ నిబంధన చెబుతోంది. అతిక్రమిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వ్యయ పరిమితికి భయపడి బిల్లు వద్దనే నాయకులకు కొదవ లేదు. బిల్లు లేని పనికి బాకీ అడగడానికి రుజువేదీ? ఓడిన అభ్యర్థి ముఖం చాటేస్తాడు, గెలిచినవాణ్ని అడగడానికి నోరు రాదు.

చట్టం అండ లేకపోలేదు. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం నిర్దేశిస్తోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. గడువులోగా చెల్లించని సొమ్మును కొన్న వ్యాపారి ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేని విధంగా 2023లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు. అయినా ఫిర్యాదు చేస్తే ఖాతాదారు పోతాడన్న భయం యజమానులను వెనక్కి లాగుతోంది. జీఎస్టీలో నమోదైనవారు బిల్లు రాస్తే, డబ్బు చేతికి రాకముందే పన్ను కట్టాల్సి రావడం మరో ఇబ్బంది. అందుకే సగం సొమ్ము ముందే తీసుకుని, తుది ఫైలు మిగతా సగం అందాకే ఇచ్చే పద్ధతిని కొన్ని సంస్థలు పాటిస్తున్నాయి. మొదట్లో కొందరు ఖాతాదారులు అలిగినా, నాణ్యత నచ్చినవారు తిరిగి వస్తున్నారు.

2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026తో తీరుతుంది. ఎన్నికలు ఎప్పుడు జరిగినా ఊరూరా పోటీదారులు ఉంటారు, పాంప్లెట్ల పని గుట్టలుగా వచ్చి పడుతుంది. పక్క దుకాణం అరువుకు ఒప్పుకుంటున్నా ముందు సగం చేతిలో పడందే కంప్యూటరు తెరవనని చెప్పగలవారు ఎంతమంది ఉంటారన్నది అప్పుడు తేలుతుంది.