అచ్చం అలాగే కట్టారట!

మా వియ్యంకుడుగారు మాస్కో చూసొచ్చారు. చూసొచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఫోటోలన్నీ నా ముందు పరిచి, ఒకదాని మీద వేలుంచి, "ఇది చూడండి బావగారూ! పాతబడిపోయిందని హోటలు మొత్తం పడగొట్టి, అచ్చం అలాగే మళ్ళీ కట్టారట! ఇక పోయిందేముంది చెప్పండి?" అన్నారు.

వియ్యంకుడితో వాదం పెట్టుకోవడం క్షేమం కాదు. అంచేత కాఫీ తాగి ఊరుకున్నాను. అక్కడ మింగేసిన మాటలు ఇక్కడ చెబుతాను.

ఆ హోటలు పేరు 'మాస్క్వా'. 1930లలో క్రెమ్లిన్ దగ్గర కట్టారు. దాని ముఖభాగం ఒక పక్క ఒక తీరుగా, రెండో పక్క ఇంకో తీరుగా ఉండేది. ఎందుకయ్యా అంటే ఓ కథ ఉంది. ఒకే కాగితం మీద రెండు నమూనాలు గీసి పంపితే స్టాలిన్ సరిగ్గా మధ్యలో సంతకం పెట్టాడట. "అయ్యా, రెంటిలో ఏది?" అని అడిగే గుండె ఎవరికీ లేక రెండూ కలిపి కట్టేశారట! కథ నిజమో కాదో గాని, కట్టడం చూస్తే నమ్మబుద్ధేస్తుంది. 2004లో దాన్ని పడగొట్టారు. కొత్తదానికీ ఆ తేడా అలాగే పెట్టారు! భయంలో చేసిన తప్పుకి ఓ చరిత్ర ఉంది. పనిగట్టుకుని, కొలతలు తీసి చేయించిన తప్పుకి ఏముంది, నా మొహం!

పాతవాటిని ముట్టుకోకూడదని నేననను. ఊరు పెరగాలి, వీధులు వెడల్పు కావాలి. ఆ మాస్కోలోనే 1930లలో త్వెర్‌స్కాయా వీధిని (అప్పుడది గోర్కీ వీధి) వెడల్పు చేసినప్పుడు, కొన్ని భవనాల కింద పట్టాలు వేసి వెనక్కి జరిపారు. సావ్విన్‌స్కొయె అనే భవనం ఇరవై వేల టన్నుల పైచిలుకు బరువు. దాదాపు 50 మీటర్లు జరిగి, ఇవాళ్టికీ ఓ పెద్ద మేడ వెనక పెరట్లో నిలబడి ఉంది. ఇష్టం ఉండాలే గాని మేడ కూడా నడుస్తుంది!

"మరి క్రీస్తు రక్షకుని గుడి మాటేమిటి? అదీ నకలే కదా?" అంటారు బావగారు, నాకు తెలుసు. నెపోలియన్ మీద గెలుపుకి గుర్తుగా 1839లో పునాది వేసి, 1883లో ప్రతిష్ఠ చేసిన ఆ గుడిని 1931 డిసెంబరులో పేల్చేశారు. అక్కడ సోవియట్ల సౌధం కడతామన్నారు. యుద్ధమొచ్చి ఆగింది. చివరికి 1960లో ఈతకొలను వెలిసింది. 2000 నాటికి గుడి మళ్ళీ లేచింది. దాన్ని నేను తప్పుపట్టను. ఒకరు కూల్చినదాన్ని మరొకరు నిలబెట్టడం ప్రాయశ్చిత్తం. అయినా అది పాత గుడి కాదు. పాత గోడల మీది పాలరాతి శిల్పాల్లో మిగిలినవి దొన్‌స్కోయ్ మఠంలో ఉన్నాయి. కొత్త గోడలకి కంచువి తగిలించారు. ప్రాయశ్చిత్తం చేసుకున్నంత మాత్రాన పోయింది తిరిగొస్తుందా?

మరి నిలబడి ఉన్నదాన్ని మనమే పడగొట్టి, మనమే నకలు కట్టడం ఏమిటి? బతికున్న తండ్రిని బయటికి గెంటి, గోడకి ఆయన ఫోటో తగిలించి దండ వేసినట్టు లేదూ!

అసలు ప్రమాదం ఇంకోటుంది. "అచ్చం అలాగే కట్టేస్తాం" అన్న మాటకి మనం తలూపిన రోజు నుంచి పలుగుకి అడ్డుండదు. ఏ మేడనైనా కూల్చొచ్చు, అడిగినవాళ్ళకి చూపించడానికి బొమ్మ సిద్ధం. మరమ్మతుకి ఓపిక కావాలి. నకలుకి కొలతలు చాలు. కొలతలంటే గుర్తొచ్చింది. రెడ్‌స్క్వేరులోని కజాన్ గుడి 1936లో కూలిపోకముందే బరనోవ్‌స్కీ అనే వాస్తుశిల్పి దాన్ని కొలిచి రాసిపెట్టాడు. 1993లో గుడి తిరిగి లేచిందంటే ఆ కాగితాల చలవే. కాని ఆయన కొలిచింది పోతోందన్న దిగులుతో. పోతే పోనీ అన్న ధీమాతో కాదు.

ఈసారి వియ్యంకుడుగారొస్తే ఒక్కటే అడుగుతాను: "మీ నాన్నగారి చేతిరాత ఉత్తరం ఇటివ్వండి బావగారూ. అచ్చం అలాగే రాయించి ఇస్తాను. అసలుది మాత్రం చింపేస్తాను. సరేనా?"

కాఫీ ముందే ఇప్పించి అడుగుతాను లెండి.