ముప్ఫై స్కిల్స్ ఉన్నంత మాత్రాన ముప్ఫై దారులున్నట్టా?

రోల్ ప్లేయింగ్ ఆటల మీద వాదన మొదలైతే చాలు, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "తప్పుగా ఎంచుకునే స్వేచ్ఛ లేకపోతే ఇక ఎంపికకి అర్థమేముంది?" వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఇలా అనేవాళ్ళు రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. ఆడటం చేతకాక ఓడిపోవటం వేరు. మొదట్లో ఎంచుకున్నది పనికిరాదని యాభై గంటలు ఆడాక తెలియటం వేరు. మొదటిది ఆట. రెండోది మోసం.

డయాబ్లో 2 నే తీసుకుందాం. 2000లో వచ్చింది. మనలో చాలామంది నిద్ర మానుకుని ఆడిందే. 2001లో వచ్చిన ఎక్స్‌పాన్షన్‌తో కలిపి 7 పాత్రలు, ఒక్కో పాత్రకి 30 స్కిల్స్. చూడటానికి సముద్రమే. మరి లోతెంత? 99వ లెవెల్ దాకా ఆడినా చేతికొచ్చే స్కిల్ పాయింట్లు మొత్తం 110 (లెవెళ్ళకి 98, క్వెస్టులకి 12). ఒక్కో స్కిల్‌లో 20 దాకా పెట్టచ్చు.

2003లో 1.10 ప్యాచ్‌తో "సినర్జీ" అనేది వచ్చింది. ఒక స్కిల్‌లో పెట్టిన పాయింట్లు ఇంకో స్కిల్ బలాన్ని పెంచుతాయన్నమాట. చిన్న స్కిల్స్‌కి కూడా ఓ విలువ వచ్చింది, మంచిదే. కానీ జరిగిందేమిటి? సోర్సరెస్ ఫైర్ బాల్ గట్టిగా తగలాలంటే ఫైర్ బోల్ట్, మీటియోర్, ఫైర్ మాస్టరీ కూడా నింపాలి. నాలుగిరవైలు ఎనభై! మిగిలిన పాయింట్లతో రెండో అస్త్రం అదే స్థాయికి రాదు. తీరా హెల్ అనే చివరి స్థాయికి వెళితే, నిప్పు అస్సలు అంటని రాక్షసులు ఎదురొస్తారు. పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకోవచ్చా అంటే, 2010లో 1.13 ప్యాచ్ వచ్చేదాకా ఆ వీలే లేదు. కొత్త పాత్రతో మళ్ళీ మొదటినుంచి ఆడటమే గతి. మరోపక్క పాలడిన్ విసిరే బ్లెస్డ్ హామర్ అస్సలు అంటని రాక్షసులు బహు కొద్దిమంది. ఇంకేం, ఎక్కడ చూసినా పాలడిన్‌లే!

"గైడ్ చూసి ఆడచ్చుగా" అంటారా? అసలు తిరకాసు అక్కడే ఉంది. దిద్దుకోలేని తప్పుకి భయపడి అందరూ అదే గైడ్ చూస్తే, అందరి చేతిలో అదే బిల్డ్. స్వేచ్ఛ పేరుతో మీరు వెనకేసుకొస్తున్న ఆ గోతులే వైవిధ్యాన్ని చంపుతున్నాయి.

మన ఉద్యోగాల్లో చూడండి. ఒక ప్రోడక్ట్‌లో రెండొందల ఆప్షన్లు పెట్టి, పది కాంబినేషన్లు మాత్రమే టెస్ట్ చేసి వదిలారనుకుందాం. పదకొండోది వాడిన కస్టమర్‌కి ప్రొడక్షన్‌లో కుప్పకూలింది. "మీకు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాం కదండీ" అంటే ఊరుకుంటాడా?

పోనీ, రీస్పెక్ ఉచితంగా ఇచ్చేస్తే సరిపోతుందా? 2012లో డయాబ్లో 3 ఆ పనే చేసింది. స్కిల్స్ ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. భయం పోయింది. కానీ పోనుపోను, ఒకే సెట్‌లోవి ఆరు వస్తువులు తొడుక్కుంటే ఫలానా స్కిల్ దెబ్బ వేల శాతం పెరిగేలా తయారు చేశారు. ఇక బిల్డ్‌ని నిర్ణయించేది ఆటగాడు కాదు, వాడి చొక్కా! రోల్‌బ్యాక్ ఉన్నంత మాత్రాన బగ్ పోయినట్టు కాదు.

మరి మార్గం లేదా అంటే, ఉంది. 2021లో డయాబ్లో 2 రిసరెక్టెడ్ పేరుతో పాత ఆటే మళ్ళీ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో దాని 2.4 ప్యాచ్‌లో, బలంగా ఉన్నవాటిని నరకటం కంటే ఎవరూ ముట్టనివాటిని పైకి లేపటం మీద దృష్టి పెట్టారు: అసాసిన్ మార్షల్ ఆర్ట్స్, డ్రూయిడ్ నిప్పు స్కిల్స్ వగైరా. అదే ఏడాది సెప్టెంబరులో 2.5 ప్యాచ్‌తో సండర్ చార్మ్‌లు వచ్చాయి. అది దగ్గరుంటే నిప్పు అంటని రాక్షసుడికి కూడా కాస్త అంటుకుంటుంది, కానీ నిప్పు నుంచి మీ రక్షణ కూడా బాగా పడిపోతుంది. అంటే దారి మూసెయ్యలేదు, టోల్ గేటు పెట్టారు. బాలెన్స్ అంటే నా దృష్టిలో ఇదీ.

అన్ని బిల్డ్‌లూ సమానంగా ఉండాలని నేననటం లేదు. ఒకటి ఎక్స్‌ప్రెస్, ఒకటి ప్యాసింజర్ అయినా ఫర్వాలేదు. కానీ టికెట్టు అమ్మాక బండి ఊరు చేరాలి. చేరకపోతే ఆ సంగతి ఎక్కేముందే చెప్పాలి. పిల్లలు పడుకున్నాక, రాత్రి కాల్స్ అయ్యాక, దొరికే ఒక్క గంటని ఆటకిచ్చేవాళ్ళం మనం. అలాంటి యాభై గంటలంటే రెండు నెలల రాత్రులు. వాటిని "నీదే తప్పు" అని చెత్తబుట్టలో పడేసే డిజైన్‌ని లోతు అని పొగడటం ఇకనైనా మానేద్దాం. ఏమంటారు?