పట్నం పోయే అక్కలకు తోడు కావాలి



ఇంకొన్నాళ్ళకు పదో తరగతి అక్కలు పరీక్షలు రాసి వెళ్ళిపోతారు. కొందరు మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఇంటర్‌లో చేరతారు. కొందరు ఒంగోలు, గుంటూరు, విజయవాడ పోతారు. బాగా మార్కులు వస్తే ట్రిపుల్ ఐటీకి కూడా పోవచ్చు. అక్కడ పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇస్తారు, ఆరేళ్ళు ఒక్కచోటే ఉండి ఇంజనీరింగు దాకా చదువుకోవచ్చు. వీడ్కోలు సభ రోజు మనమందరం "బాగా చదువుకోండి, బడికి పేరు తేండి" అని చెప్తాము. పెన్ను ఇస్తాము, ఫోటో దిగుతాము. ఇంక మన పని అయిపోయింది అనుకుంటాము. నా అభిప్రాయం ఏమనగా, మన పని అక్కడితో అయిపోదు. పట్నంలో మొదటి నెల గడవటం పదో తరగతి పరీక్ష కంటే కష్టం. ఆ నెలకు మనల్ని ఎవరూ తయారు చేయటం లేదు.

ఎందుకు ఇట్లా అంటున్నానో చెప్తాను. మా పెదనాయన కూతురు రెండేళ్ళ కింద పది పాసయింది. మా గూడెంలో పది పాసయిన మొదటి ఆడపిల్ల ఆమే. ఒక పట్నంలో కాలేజీ సీటు, హాస్టలు సీటు వచ్చినాయి. నలభై ఒక్క రోజులు ఉన్నది. పండగ సెలవులకు ఇంటికి వచ్చి మళ్ళీ పోలేదు. గూడెంలో అందరూ "చదువు అబ్బలేదు" అన్నారు. ఆ తర్వాత ఏడాదికే పెళ్ళి చేసినారు. ఇప్పుడు మిరపకాయల కోతకు పోతున్నది.

మా అక్కకు చదువు అబ్బకపోవటం ఏమిటి? లెక్కల్లో నాకంటే అక్కే బాగా చేస్తుంది. ఎందుకు వచ్చేశావు అని నేను చాలాసార్లు అడిగినాను. ఆమె చెప్పినవన్నీ చిన్న చిన్న విషయాలే. మొదటి రోజు బస్టాండులో సిటీ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక రెండు గంటలు నిలబడింది. ఆధార్‌లో ఒక పేరు, టి.సి.లో ఒక పేరు ఉందని హాస్టల్లో కాగితాలు తీసుకోలేదు. వాటికోసం మూడుసార్లు ఇంటికి తిరిగింది. పాఠాలు ఇంగ్లీషులో చెప్పినారు. అర్థం కాలేదని లేచి అడగటానికి భయం. "చెంచు అంటే చెంచానా" అని గదిలో పిల్లలు నవ్వినారు. మాట తీరు చూసి కూడా నవ్వినారు, అందుకని మాట్లాడటమే మానేసింది. ఏ.టి.ఎం.లో డబ్బు తీయటం రాక, తీసిపెట్టమని వేరే పిల్లకు కార్డు ఇచ్చింది. నెలసరి వచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలియలేదు. జ్వరం వస్తే ఆసుపత్రి ఎక్కడో తెలియలేదు. మా గూడెంలో ఫోను సరిగ్గా పలకదు కాబట్టి ఇంటికి చెప్పుకోవటానికి కూడా వీలు లేదు.

లెక్కపెట్టండి. ఇందులో ఒక్కటి కూడా పాఠం రాకపోవటం వల్ల వచ్చిన కష్టం కాదు. ఒక్కటి కూడా మన పుస్తకాల్లో లేదు. ఒక్కొక్కటి చూస్తే పది నిమిషాల్లో ఎవరైనా నేర్పించగలిగే పని. కానీ అన్నీ ఒకేసారి, పదహారేళ్ళ పిల్ల మీద, పక్కన ఎవరూ లేనప్పుడు పడితే ఏం చేస్తుంది? ఇంటికి వచ్చేస్తుంది. అప్పుడు తప్పు ఆ పిల్లది అంటారు. అది న్యాయం కాదు.

వేరే పిల్లలకు ఈ విషయాలు ఇంట్లోనే తెలుస్తాయి. వాళ్ళ నాయన కాలేజీ చూసి ఉంటాడు, పిన్ని బ్యాంకులో ఉంటుంది, మామయ్య పట్నంలో ఇల్లు తీసుకుని ఉంటాడు. మనలో చాలామందికి నాయన వేలిముద్ర వేస్తాడు. నా సంతకం చూసి మా అమ్మ సంతోషపడుతుంది కానీ అది చదవలేదు. మా నాయన నల్లమలలో ఎంత రాత్రి అయినా దారి తప్పడు. మార్కాపురం బస్టాండులో మాత్రం నన్ను అడుగుతాడు, ఏ బస్సు అని. ఆయనకు తెలివి లేక కాదు. అడవిలో దారి వాళ్ళ నాయన చూపించినాడు, బస్టాండులో దారి చూపించేవాళ్ళు ఎవరూ లేరు.

కొంతమంది పెద్దలు ఏమంటారంటే, "అన్నీ చేసి పెడితే పిల్లలు బలహీనం అవుతారు, వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళే నిలబడాలి." ఈ మాట వినటానికి బాగుంటుంది. కానీ మా వాళ్ళు కొండచరియకు పట్టిన తేనె తీయటానికి పోయేటప్పుడు ఒక్కరే పోరు. ఒకరు తాడు మీద కిందికి దిగుతారు, పైన ఒకరు తాడు పట్టుకుంటారు. ఎవరంటే వాళ్ళు పట్టుకోరు, బావమరిది పట్టుకుంటాడు. తన అక్కచెల్లెలి మొగుడు కాబట్టి వదలడని నమ్మకం. తాడు పట్టుకున్నారని కిందికి దిగిన మనిషిని బలహీనుడు అని ఎవరైనా అంటారా? తేనె తీసేది అతనే, కుట్టించుకునేది కూడా అతనే. పైన మనిషి ఉన్నాడు కాబట్టి దిగగలిగినాడు. పట్నం పోయే పిల్లకు కూడా అట్లాంటి మనిషి ఒకరు కావాలి. చదువు ఆమే చదువుకుంటుంది.

ప్రభుత్వం ఏమీ చేయటం లేదని నేను అనను. 2023 నవంబరు 15న కేంద్ర ప్రభుత్వం పి.ఎం. జన్‌మన్ అనే పథకం మొదలుపెట్టింది. మా చెంచుల లాగా బాగా వెనకబడిన 75 తెగల కోసం అది. ఇళ్ళు, రోడ్లు, తాగునీళ్ళతో పాటు హాస్టళ్ళు కూడా అందులో ఉన్నాయి. మంచిదే. కానీ హాస్టలు అంటే భవనం ఒక్కటే కాదు. లోపలికి వచ్చిన కొత్త పిల్లను "అన్నం తిన్నావా అమ్మా" అని అడిగే మనిషి కూడా ఉండాలి. డిగ్రీ కాలేజీలు, ఇంజనీరింగు కాలేజీల కోసం 2019లో యు.జి.సి. వాళ్ళు 'దీక్షారంభ్' అని ఒక పద్ధతి చెప్పినారు. కొత్తగా చేరిన వాళ్ళకు పాఠాలకు ముందే కాలేజీ చూపించాలి, పెద్ద విద్యార్థులను, అధ్యాపకులను పరిచయం చేయాలి, తోడుగా ఉండాలి అని అందులో ఉంది. పద్దెనిమిదేళ్ళ వాళ్ళకే అది అవసరం అనుకున్నారు. మరి మన అక్కలు పదిహేను, పదహారేళ్ళకే ఇల్లు దాటి పోతున్నారు. ఇంటర్‌లో చేరే వాళ్ళకు ఇంకా ఎక్కువ అవసరం కదా.

మా సోషల్ టీచర్ ఒక సంగతి చెప్పినారు. హైమెండార్ఫ్ అనే ఆయన మా చెంచుల గురించి పుస్తకం రాసినారు. అది 1943లో వచ్చింది. ఆయనే 1940లలో ఆదిలాబాదు అడవుల్లో మార్లవాయి అనే గోండు గూడెంలో బడి నడిపించినారు. అక్కడ గోండి భాషలో వాచకాలు తయారు చేసినారు. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్ళను చేసినారు. ఎందుకంటే తమ వాళ్ళు చెప్తే పిల్లలు భయపడకుండా వింటారు. అది విన్నప్పుడు నాకు అనిపించింది, పట్నం గురించి కూడా మన వాళ్ళే మనకు చెప్పాలి. ముందు పోయిన అక్క చెప్తే మన భాషలో, మన భయం తెలిసి చెప్తుంది.

అందుకని మన బడిలోనే చేయగలిగిన అయిదు పనులు రాస్తున్నాను. వీటికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

ఒకటి, కాగితాలు. పదో తరగతి నామినల్ రోల్ పంపక ముందే, అంటే తొమ్మిదిలో ఉన్నప్పుడే, ప్రతి పిల్ల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోను, బడి రికార్డులోను ఒకే తీరుగా ఉన్నాయా అని చూడాలి. మనలో చాలామంది గూడెంలో పుట్టిన వాళ్ళం, తేదీ బడిలో చేర్చినప్పుడు రాసిందే. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., ఆధార్‌తో జతచేసిన బ్యాంకు పుస్తకం, పది ఫోటోలు ఒక ఫైలులో పెట్టుకోవాలి. అన్నిటికీ మూడేసి జిరాక్సులు ఉండాలి. అసలువి ఎవరికైనా ఇస్తే రసీదు అడగాలి.

రెండు, ఒకరోజు మార్కాపురం. విహారయాత్ర లాగా కాదు, పాఠం లాగా. బస్టాండు, రైల్వేస్టేషను, బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ ఆసుపత్రి చూపించాలి. ప్రతి పిల్ల ఒక పని తానే చేయాలి. ఒకరు బ్యాంకులో ఫారం నింపాలి, ఒకరు ఆసుపత్రిలో ఓ.పి. చీటీ రాయించాలి, ఒకరు గుంటూరు రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కనుక్కోవాలి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కితే దొనకొండ, వినుకొండ, నరసరావుపేట దాటి గుంటూరు వస్తుందని నోటికి వస్తే సగం భయం పోతుంది. ఇంకొకటి, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్ డబ్బులు తీసుకోవటం మానేసినారు. ఆధార్ కార్డు లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఇది మా అమ్మకు నేనే చెప్పినాను.

మూడు, జత అక్క. పట్నం పోయే ప్రతి పిల్లకు అదే ఊళ్ళో ముందే చదువుతున్న ఒక అక్క పేరు, ఫోను నంబరు టీచర్ రాసి ఇవ్వాలి. ఆ అక్కకు కూడా ముందే చెప్పాలి. మొదటి రోజు బస్టాండుకు రావాలి, మొదటి నెల వారానికి ఒకసారి కలవాలి. అంతే.

నాలుగు, అడగటం నేర్పించాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని టీచర్లు చెప్తారు. ముందు నోరు తెరవాలి కదా. "సార్, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అని రోజూ తరగతిలో ఒక పిల్ల లేచి అడిగే అలవాటు చేయాలి. "నా కార్డు నేనే వాడుకుంటాను, పిన్ నంబరు చెప్పను" అని అనటం కూడా నేర్పించాలి. మన మాట తీరు చూసి ఎవరైనా నవ్వితే, మా నల్లమలలో ఇట్లానే మాట్లాడతాము అని చెప్పాలి. సిగ్గుపడటానికి అందులో ఏమీ లేదు.

అయిదు, కష్టం వస్తే ఎవరికి చెప్పాలో. 1098 పిల్లల కోసం, 181 ఆడవాళ్ళ కోసం, 112 ఏ ఆపదకైనా. కాలేజీలో ర్యాగింగ్ చేస్తే 1800-180-5522. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నేరం అని 1997లోనే చట్టం వచ్చింది. ఈ నంబర్లు నోటుబుక్కులో రాసుకుంటే పోతుంది. మన మార్కాపురం పలక ఒకటి తెచ్చి, దాని మీద రంగుతో రాసి భోజనశాల గోడకు తగిలించాలి. రోజుకు మూడుసార్లు చూస్తే గుర్తుంటుంది.

పట్నం హాస్టల్ మేడములకు కూడా ఒక మనవి. ఈ పత్రిక మీ దాకా రాదు కానీ మన టీచర్లు చెప్పగలరు. కొత్త పిల్లకు మొదటి వారం రోజూ ఇంటికి ఫోను చేసుకోనివ్వండి. కాగితంలో తప్పు ఉంటే పిల్లను పంపకుండా మా బడికి ఉత్తరం రాయండి. పిల్ల సెలవుకు పోయి రాకపోతే పేరు కొట్టేసే ముందు ఒకసారి ఎవరినైనా పంపి కనుక్కోండి. మా అక్క కోసం ఎవరైనా వచ్చి ఉంటే ఆమె పోయేది. ఈ మాట ఆమే నాతో చెప్పింది.

నేను కూడా వచ్చే ఏడాది పది రాసి పోవాలి. నర్సు కోర్సు చదవాలని నా కోరిక. పట్నమంటే నాకు కోపం లేదు. అక్కడ గ్రంథాలయం ఉంటుంది, పెద్దాసుపత్రి ఉంటుంది, రకరకాల మనుషులు ఉంటారు. అక్కడికి పోవాలనే ఉంది, పోయి ఉండాలనే ఉంది. నలభై ఒక్క రోజులకు తిరిగి రావాలని లేదు.

ఈ పత్రిక కింద మేకుకు ఒక నోటుబుక్కు దారంతో కట్టినాను. దాని పేరు 'పట్నం నోట్సు'. సెలవులకు వచ్చిన పాత విద్యార్థి అక్కలు దయచేసి మీకు ఏది తెలియక కష్టపడినారో ఒక్క పేజీ రాయండి. సిటీ బస్సు నంబరు అయినా సరే, హాస్టలు గేటు ఎన్నింటికి వేస్తారో అయినా సరే. మొదటి రెండు పేజీలు మా పెదనాయన కూతురు చెప్పింది నేను రాసినాను. మూడో పేజీ ఖాళీగా ఉంది.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని